రూలు మారింది... సీనియర్ సంగతేంటి?

ఎంఎస్ చేయడానికో, ఆన్‌సైట్ ప్రాజెక్టు మీదో మీరు అమెరికా వెళ్లారనుకోండి. వేసవిలో ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చుంటే రెండు మాటలు తప్పకుండా చెవిన పడతాయి. ఒకటి: ‘ఆయనింకా ఆడుతున్నాడా? వయసెంతో తెలుసా?’ రెండోది: ‘ఈ కొత్త రూలుతో ఆటను నాశనం చేశారు’. పక్కనున్నాయన వెంటనే ‘నాశనమా? ఇప్పుడే చూడబుద్ధవుతోంది’ అంటాడు. ఇక లంచ్ అయ్యేదాకా ఆగదు. మనవాళ్లు నలుగురు చేరితే ధోనీ గురించి, ఇంపాక్ట్ ప్లేయర్ గురించి వాదించుకోరూ? అచ్చం అలాగే. అక్కడి ఆట బేస్‌బాల్, అంతే తేడా.

వినడానికి ఇవి రెండు వేర్వేరు ముచ్చట్లు. కొన్నాళ్లు ఆట చూస్తే రెండూ ఒకటేనని అర్థమవుతుంది. ముప్పై అయిదు దాటిన ఆటగాడు ఇంకో ఏడాది ఉంటాడా, ఇంటికెళ్తాడా అన్నది అతని భుజం, మోకాలు మాత్రమే తేల్చవు. ఆ ఏడు మారిన రూలు కూడా తేలుస్తుంది. ఒక రూలు ఒకడికి రెండేళ్ల కెరీర్ కలిపి ఇస్తుంది. ఇంకో రూలు ఇంకొకడి ఉద్యోగాన్నే తీసేస్తుంది.

ఇది కెరీర్ పేజీ. ఇక్కడ బేస్‌బాల్ ఎందుకంటారా? మీరు చదివిన కోర్సు, నేర్చుకున్న టూల్, మీ కంపెనీ పని తీరు.. వీటిలో ఏదో ఒకటి రెండు మూడేళ్లకోసారి మారుతూనే ఉంది. అలా మారినప్పుడు పాత అనుభవంలో ఎంత మిగులుతుంది, ఎంత పోతుంది? బేస్‌బాల్‌లో ప్రతి బంతికీ లెక్క ఉంటుంది కాబట్టి, ఈ ప్రశ్నకు జవాబు అక్కడ కళ్ల ముందే కనిపిస్తుంది.

క్రికెట్ తెలిసినవాళ్లకు రెండు నిమిషాల్లో

పిచర్ అంటే మన బౌలర్. 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి విసురుతాడు. బంతి నేలను తాకదు, నేరుగా వస్తుంది. బ్యాటర్ వెనక క్యాచర్ కూర్చుంటాడు, అతని వెనక అంపైర్. హోమ్ ప్లేట్ మీదుగా, బ్యాటర్ మోకాలికీ ఛాతీకీ మధ్య కంటికి కనిపించని ఒక డబ్బా ఉందనుకోండి. అదే స్ట్రైక్ జోన్. బంతి అందులోంచి వెళ్తే స్ట్రైక్. బ్యాటర్ ఊపి తప్పినా స్ట్రైకే. బయటి నుంచి వెళ్తే, బ్యాటర్ ఊపకుండా వదిలేస్తే ‘బాల్’. మూడు స్ట్రైకులైతే ఔట్. నాలుగు బాల్స్ అయితే నడుచుకుంటూ మొదటి బేస్‌కు వెళ్లొచ్చు. మూడు బేసులూ దాటి మళ్లీ హోమ్ ప్లేట్‌కు చేరితే ఒక పరుగు. ముగ్గురు ఔటైతే రెండో జట్టు వంతు. ఇలా తొమ్మిది ఇన్నింగ్స్.

మేజర్ లీగ్‌లో 30 జట్లు. ఒక్కో జట్టుకు సీజన్‌లో 162 మ్యాచ్‌లు. ఆరు నెలల పాటు దాదాపు రోజూ డ్యూటీకి వెళ్లినట్టే. అందుకే అక్కడ ‘వెటరన్’ అనే మాటకు బరువెక్కువ. ఇన్నేళ్లు ఇన్ని మ్యాచ్‌లు తట్టుకున్నవాడంటే ఏదో విద్య ఉన్నట్టే.

పాతవాళ్లకు పాత రూలు

ఒకప్పుడు రూలు మార్చేటప్పుడు సీనియర్ల మీద కాస్త జాలి చూపేవారు. 1920లో ‘స్పిట్‌బాల్’ను నిషేధించారు. బంతికి ఉమ్మి లాంటిది పూసి విసిరితే అది ఎటు వంకర తిరుగుతుందో బ్యాటర్‌కు అంతుపట్టేది కాదు. కరోనా తర్వాత క్రికెట్‌లోనూ బంతికి ఉమ్మి రాయొద్దన్నారు, గుర్తుందిగా. అయితే ఆ బంతి మీదే బతుకుతున్న పిచర్లు అప్పటికే లీగ్‌లో ఉన్నారు. ఉన్నట్టుండి వద్దంటే వాళ్ల గతేంటి? అందుకని 17 మందికి మినహాయింపు ఇచ్చారు. వాళ్లు రిటైరయ్యేదాకా వేసుకోవచ్చు, కొత్తగా వచ్చేవాళ్లు మాత్రం వేయకూడదు. వాళ్లలో ఆఖరివాడు బర్లీ గ్రైమ్స్. 1934 దాకా, అంటే నిషేధం వచ్చాక కూడా పద్నాలుగేళ్లు చట్టబద్ధంగా స్పిట్‌బాల్ వేశాడు. తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌లోనూ చోటు దక్కించుకున్నాడు.

హెల్మెట్ విషయంలోనూ ఇంతే. 1971లో బ్యాటర్లందరికీ హెల్మెట్ తప్పనిసరి చేస్తూ, అప్పటికే ఆడుతున్నవాళ్లకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. బోస్టన్ క్యాచర్ బాబ్ మాంట్‌గోమరీ 1979 దాకా హెల్మెట్ లేకుండానే బ్యాటింగ్ చేశాడు. అలా ఆడినవాళ్లలో అతనే చివరివాడు.

ఈ పద్ధతి మనకు కొత్తేం కాదు. మన రాష్ట్రాల్లో 2004 సెప్టెంబరు 1కి ముందు సర్కారీ కొలువులో చేరినవాళ్లకు పాత పెన్షన్, ఆ తర్వాత చేరినవాళ్లకు సీపీఎస్. ‘పాతవాళ్లకు పాత రూలు’ అన్నమాట. ఇంట్లో టీచర్ ఉద్యోగం చేసేవాళ్లుంటే దీని విలువేంటో మీకు తెలిసే ఉంటుంది.

ప్రైవేటు ఉద్యోగంలో ఈ వెసులుబాటు ఎవరిస్తారు? ఇప్పుడు బేస్‌బాల్‌లోనూ ఎవరూ ఇవ్వట్లేదు.

గడియారం వచ్చింది

2023 వరకు బేస్‌బాల్‌కు గడియారం లేదు. పిచర్ తీరిగ్గా ఊపిరి పీల్చుకుని, టోపీ సర్దుకుని, అప్పుడు వేసేవాడు. బ్యాటర్ బయటికొచ్చి గ్లవ్స్ విప్పి మళ్లీ కట్టుకునేవాడు. ఫలితం.. 2021లో తొమ్మిది ఇన్నింగ్స్ మ్యాచ్ సగటున 3 గంటల 10 నిమిషాలు పట్టింది. కుర్రాళ్లు చూడటం మానేస్తున్నారని లీగ్‌కు భయం పట్టుకుంది.

2023లో పిచ్ క్లాక్ పెట్టారు. బేసుల మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లు, రన్నర్ ఉంటే 20 సెకన్లు. మరుసటి ఏడాది ఆ 20ని 18 చేశారు. పిచర్ ఆలస్యం చేస్తే బంతి వేయకుండానే ఒక బాల్ లెక్కేస్తారు. గడియారం 8 సెకన్లు చూపేసరికి బ్యాటర్ సిద్ధంగా లేకపోతే అతని ఖాతాలో ఒక స్ట్రైక్ పడుతుంది. రన్నర్‌ను భయపెట్టడానికి పిచర్ ఒక బ్యాటర్‌కు రెండుసార్లే ఆగొచ్చు. మూడోసారి ఆగి, ఆ రన్నర్‌ను ఔట్ చేయలేకపోతే అతనికి ఒక బేస్ ఊరికే వస్తుంది. బేసుల సైజు కూడా 15 అంగుళాల నుంచి 18కి పెంచారు.

దీంతో సగటు మ్యాచ్ సమయం ఒక్క ఏడాదిలోనే దాదాపు 2 గంటల 40 నిమిషాలకు దిగింది. కొట్టేసిన బేసులు 2022లో 2,486 ఉంటే, 2023లో 3,503కి చేరాయి.

సీనియర్లకు మినహాయింపు? లేదు. 17 ఏళ్లుగా ఆడుతున్నా, నిన్ననే వచ్చినా గడియారం ఒక్కటే.

ఇక్కడొక తమాషా ఉంది. లీగ్ ఈ గడియారాన్ని కింది స్థాయి టోర్నీల్లో 2015 నుంచే వాడి చూస్తోంది. తెలుగువాళ్లు బోలెడంత మంది ఉండే టెక్సాస్‌లోని ఫ్రిస్కో తెలుసుగా? అక్కడి రఫ్‌రైడర్స్ జట్టు డబుల్-ఏ స్థాయిలో ఆడుతుంది. ఆ స్థాయి మైదానాల్లో గడియారం ఎప్పుడో తిరిగింది. అంటే 2023లో మేజర్ లీగ్‌కు కొత్తగా వచ్చిన కుర్రాడికి అప్పటికే గడియారం అలవాటు. పదిహేనేళ్ల సీనియర్‌కు అది కొత్త. ఆ ఒక్క విషయంలో జూనియరే సీనియర్! మీ టీంలో ఏఐ టూల్స్ ఫ్రెషర్ చకచకా వాడేస్తుంటే లీడ్ పక్కన నిలబడి చూస్తున్నాడా? అదే సీన్.

ఇద్దరు సీనియర్లు, రెండు దారులు

కెన్లీ జాన్సెన్‌ను చూడండి. మ్యాచ్ చివర్లో వచ్చి ఆధిక్యాన్ని కాపాడే క్లోజర్. 2022లో లీగ్‌లోని అత్యంత నెమ్మది పిచర్లలో ఒకడు. గడియారం వస్తే ముందు మునిగేది ఇతనేనని చాలామంది లెక్కలేశారు. అప్పటికి అతని వయసు 35. బంతుల మధ్య దమ్ము తీసుకునే అలవాటు మార్చుకుని, వేగంగా వేసేలా ఒంటిని సిద్ధం చేసుకున్నాడు. 2023 మే నెలలో 400వ సేవ్ సాధించాడు. ఆ ఏడాది ఆల్‌స్టార్ జట్టులోకీ వచ్చాడు. అతని అసలు ఆయుధం ‘కటర్’ అనే బంతి. చివరి క్షణంలో కాస్త పక్కకు జరుగుతుంది. నెమ్మదితనం దాని చుట్టూ అల్లుకున్న అలవాటు మాత్రమే. అలవాటు పోయింది, ఆయుధం మిగిలింది.

మాక్స్ షెర్జర్‌ది ఇంకో దారి. మూడుసార్లు సై యంగ్ అవార్డు గెలిచిన పిచర్. గడియారం వచ్చేనాటికి 38 ఏళ్లు. 2023 ప్రాక్టీస్ మ్యాచ్‌ల్లో అతను రూలును ఇంజినీర్‌లా పరీక్షించాడు. ఒకసారి బంతి పట్టుకుని గడియారం చివరిదాకా ఆగి బ్యాటర్‌ను బిగుసుకుపోయేలా చేశాడు. ఇంకోసారి బ్యాటర్ కాళ్లు కుదురుకునేలోపే వేసేశాడు. ఒక బ్యాటర్‌కు ఒక్కసారే టైమ్ అడిగే వీలుంటుంది, అది వాడించేస్తే తర్వాత అంతా పిచర్ చేతిలోనే అని కనిపెట్టాడు. ఒక మ్యాచ్‌లో అంపైర్ ఆట మొదలుపెట్టాడో లేదో విసిరేస్తే, ‘బాక్’ అంటే తప్పుడు కదలిక కింద లెక్కేశారు. ఫర్వాలేదు, లెక్కలోకి రాని మ్యాచ్ అది. గీత ఎక్కడుందో తెలుసుకోవడానికి అంతకన్నా చవకైన చోటు ఉండదు.

మన భాషలో చెప్పాలంటే ప్రొడక్షన్‌లో కాదు, టెస్ట్ సర్వర్‌లో పగలగొట్టి చూశాడు.

ఇచ్చే రూలు, తీసుకునే రూలు

అన్ని రూళ్లూ సీనియర్లకు శత్రువులు కావు. 2022కు ముందు నేషనల్ లీగ్‌లో సాధారణంగా పిచర్ కూడా బ్యాటింగ్ చేయాల్సిందే. అమెరికన్ లీగ్‌లో మాత్రం 1973 నుంచి పిచర్ బదులు బ్యాటింగ్ మాత్రమే చేసే మనిషి ఉండేవాడు. దాన్ని ‘డిజిగ్నేటెడ్ హిట్టర్’ అంటారు. 2022లో ఈ రూలు రెండు లీగ్‌లకూ వర్తింపజేశారు. అదే ఏడాది ఆల్బర్ట్ పుహోల్స్ తన పాత జట్టు సెయింట్ లూయిస్‌కు తిరిగొచ్చాడు. 42 ఏళ్లు. పరుగు పూర్తిగా మందగించింది. రోజూ ఫీల్డింగ్ చేయలేడు. పాత రూలైతే నేషనల్ లీగ్ జట్టులో అలాంటి వాడికి రోజువారీ పని దొరకడం కష్టం. కొత్త రూలు ఆ పనిని సృష్టించింది. సీజన్ సగమయ్యేసరికి హోమ్‌రన్లు 6. అందరూ అయ్యో పాపం అనుకున్నారు. ఆ సీజన్ ముగిసేసరికి 24. మొత్తం కెరీర్‌లో 703. అప్పటికి 700 దాటినవాళ్లు చరిత్రలో నలుగురే, అతను నాలుగోవాడు.

ఇది వింటే మీకు అంబటి రాయుడు గుర్తుకొచ్చి ఉండాలి. 2023 ఐపీఎల్‌లో ఇంపాక్ట్ ప్లేయర్ రూలు వచ్చింది. టోర్నీ తొలి మ్యాచ్‌లోనే చెన్నై దాన్ని వాడింది. బ్యాటింగ్ చేసిన రాయుడి బదులు బౌలర్ తుషార్ దేశ్‌పాండేను దించింది. 37 ఏళ్ల గుంటూరు బ్యాటర్ ఆ సీజన్‌లో చాలావరకు బ్యాటింగ్ పని మాత్రమే చూసుకుని, ఫైనల్లో 8 బంతుల్లో 19 కొట్టి, కప్పుతో వీడ్కోలు చెప్పాడు.

ఇప్పుడు నాణేనికి రెండో వైపు. బేస్‌బాల్‌లో ఒకప్పుడు ఎడమచేతి వాటం స్పెషలిస్టులు ఉండేవారు. ఒక్క ఎడమచేతి బ్యాటర్‌ను ఔట్ చేయడానికే వచ్చి, ఒక్కోసారి నాలుగైదు బంతులేసి వెళ్లిపోయేవారు. అదే వాళ్ల ఉద్యోగం. ఆ పని మీద నలభై దాటాక కూడా కెరీర్ సాగించవచ్చు. ఎడమచేతి పిచర్ జెస్సీ ఒరోస్కో 46 ఏళ్ల దాకా ఆడి, 1,252 మ్యాచ్‌ల్లో పిచింగ్ చేశాడు. ఆ రికార్డు ఇప్పటికీ అతనిదే. 2020లో కొత్త రూలు వచ్చింది. వచ్చిన పిచర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకు వేయాలి, లేదా ఆ ఇన్నింగ్స్ ముగించాలి. ఒక్కడి కోసం వచ్చి వెళ్లే పని దాదాపు మాయమైంది. ఆ పిచర్లలో చేవ తగ్గలేదు, చేతులు అలాగే ఉన్నాయి. కానీ ఆ ఉద్యోగం పేరే జాబితాలోంచి పోయింది.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. పుహోల్స్‌కూ ఆ స్పెషలిస్టులకూ ఉన్నది ఒక్కో నైపుణ్యమే. రూలు ఒకరి ఒక్క నైపుణ్యానికి కుర్చీ వేసింది, ఇంకొకరి కింద కుర్చీ లాగేసింది. ప్రతిభ ఒక్కటే చూసుకుని ధీమాగా ఉంటే ఈ తేడా కనిపించదు. అందుకే అక్కడి అభిమానులు ఆటగాడి గణాంకాలతో పాటు ఏటా రూల్ బుక్ మార్పులనూ అంత ఆసక్తిగా చదువుతారు.

చెయ్యి పోయినా కన్ను పోదు

టెక్ మీద ఆసక్తి ఉన్నవాళ్లకు అన్నిటికన్నా మంచి పాఠం 2026 సీజన్‌తో వచ్చిన రూలులో ఉంది. స్ట్రైకా, బాలా అన్నది ఇన్నాళ్లూ అంపైర్ కంటి మీదే ఆధారపడేది. ఇప్పుడు క్రికెట్ డీఆర్ఎస్‌లా సవాలు చేయొచ్చు. మైదానం చుట్టూ ఉన్న కెమెరాలు బంతి దారిని లెక్కిస్తాయి. జట్టుకు రెండు సవాళ్లు. నెగ్గితే సవాలు మిగులుతుంది. పిచర్, క్యాచర్, బ్యాటర్.. ఈ ముగ్గురే అడగాలి. వెంటనే టోపీనో హెల్మెట్‌నో తట్టాలి. డగౌట్ నుంచి సైగలు కుదరవు. కొలతలూ పక్కాగా ఉన్నాయి. బ్యాటర్ ఎత్తులో 53.5 శాతం దగ్గర జోన్ పై అంచు, 27 శాతం దగ్గర కింది అంచు. జవాబు పావు నిమిషంలో తెర మీదకొస్తుంది.

దీనివల్ల ఎవరికి దెబ్బ? ‘ఫ్రేమింగ్’ అనే విద్య ఉంది. జోన్‌కు కొంచెం బయట పడ్డ బంతిని క్యాచర్ మెత్తగా అందుకుని, గ్లవ్‌ను లోపలికి జరిపి, అంపైర్‌కు అది స్ట్రైకే అనిపించేలా చేయడం. బ్యాటింగ్ అంతంతమాత్రంగా ఉన్న సీనియర్ క్యాచర్లు కొందరు ఈ విద్యతోనే ఏళ్లకేళ్లు జట్టులో ఉన్నారు. కీలకమైన బంతిని బ్యాటర్ సవాలు చేస్తే కెమెరా గ్లవ్‌ను చూడదు, బంతిని చూస్తుంది. అక్కడ ఆ నాజూకు పనికి విలువ లేదు.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. 2025లో ప్రాక్టీస్ మ్యాచ్‌ల్లో ఈ పద్ధతిని వాడి చూశారు. సవాళ్లలో సుమారు సగం నెగ్గాయి. బంతి విసిరిన పిచర్ కన్నా, దాన్ని అందుకున్న క్యాచర్ అంచనాలే ఎక్కువగా నిజమయ్యాయి. కారణం ఊహించగలరు. అంపైర్‌ను ఒప్పించాలంటే ముందు అసలు గీత ఎక్కడుందో అంగుళాల లెక్కన తెలియాలి. ఏళ్ల తరబడి లక్షల బంతులు పట్టిన క్యాచర్‌కు ఆ గీత కళ్లలోనే ఉంటుంది. గ్లవ్ తిప్పే చేతికి ధర తగ్గినా, ఎప్పుడు సవాలు చేయాలో తెలిసిన కంటికి ధర పెరిగింది.

నా దృష్టిలో మొత్తం విషయం ఇక్కడే ఉంది. అనుభవం ఒకే ముద్ద కాదు. అందులో రెండు పొరలుంటాయి. పై పొర అప్పటి రూలుకు తగ్గట్టు పెరిగింది. కింది పొర ఆట తెలియడం వల్ల వచ్చింది. రూలు మారితే పై పొర ఊడుతుంది. కింద ఏముందో అప్పుడే బయటపడుతుంది.

మన ఊళ్లోనే చూడండి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు, వ్యాట్ ఫారాలు నింపడం మాత్రమే తెలిసిన అకౌంటెంట్ తికమకపడ్డాడు. సరుకు ఎక్కణ్నుంచి ఎక్కడికి పోతుంది, ఎవరు ఎవరికి ఎప్పుడు కడతారు అన్నది తెలిసినవాడు కొత్త పోర్టల్ నేర్చుకుని, వారం తిరిగేసరికి పక్క షాపువాళ్లకు కూడా చెప్పే స్థితికొచ్చాడు. కోడింగ్‌లోనూ అంతే. సింటాక్స్ గుర్తుంచుకోవడం పై పొర. బగ్ ఎక్కడ ఉండి ఉంటుందో వాసన పట్టడం కింది పొర.

రూలు మారకపోయినా

రిచ్ హిల్ కథ చెప్పకుండా వెటరన్ల ముచ్చట పూర్తికాదు. 2015లో అతనికి 35 ఏళ్లు. మేజర్ లీగ్ జట్లతో ఏ సంబంధమూ లేని లాంగ్ ఐలాండ్ డక్స్ జట్టుకు ఆడుతున్నాడు. మన లెక్కలో పెద్ద కంపెనీ నుంచి బయటికొచ్చి, చిన్న ఊళ్లో కాంట్రాక్ట్ పని చేసుకుంటున్నట్టు. బోస్టన్ పిలిచింది. అక్కడి విశ్లేషకుడు, మాజీ పిచర్ బ్రయన్ బానిస్టర్ అతనికి డేటా చూపించాడు. నీ కర్వ్‌బాల్ చాలా గొప్ప బంతి, దాన్ని ఇంకా ఎక్కువగా, రకరకాల వేగాల్లో వెయ్యి అన్నది సారాంశం. హిల్ కొత్త బంతేమీ నేర్చుకోలేదు. ఉన్నదాని పాళ్లు మార్చాడు. ఆ సీజన్ ఆఖర్లో నాలుగు మ్యాచ్‌ల్లో సగటు 1.55. తొమ్మిది ఇన్నింగ్స్‌కు రెండు పరుగులు కూడా ఇవ్వలేదన్నమాట. మరుసటి ఏడాదికి 60 లక్షల డాలర్ల ఒప్పందం. ఆపై మూడేళ్లకు 4.8 కోట్ల డాలర్లు. 2025లో 45 ఏళ్ల వయసులో కాన్సాస్ సిటీ తరఫున బరిలోకి దిగాడు. అది అతని 14వ జట్టు. అన్ని జట్లకు ఆడినవాడు ఇంకొక్కడే ఉన్నాడు.

కుర్రాళ్లకూ ఓ ఉదాహరణ కావాలంటే జాష్ నేలర్. 2025లో వయసు 28. పరుగు వేగంలో లీగ్ మొత్తమ్మీద అట్టడుగున ఉండే రకం. 2025లో 30 బేసులు కొట్టేశాడు, దొరికింది రెండుసార్లే. పిచర్ రెండుసార్లే ఆగగలడని కొత్త రూలు చెబుతోంది కదా. ఆ లెక్క, పిచర్ కదలిక గమనించి పరుగు తీయడమే అతని బలం. కాళ్లు లేనిచోట చదువు పనికొచ్చింది.

మీరు చేయదగ్గవి

● ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు మీ కంపెనీ, మీ టూల్, ఇప్పటి పద్ధతి ఉన్నంతకాలమే పనికొచ్చే నైపుణ్యాలు రాయండి. కుడివైపు అవన్నీ మారినా మిగిలేవి. కుడివైపు ఖాళీగా ఉందా? ఈ ఏడాది పని అక్కడే ఉంది.

● మీ రంగంలోని ‘మైనర్ లీగ్’ ఏదో చూసుకోండి. మేజర్ లీగ్‌కు వచ్చిన గడియారం ఎనిమిదేళ్ల ముందే చిన్న మైదానాల్లో తిరిగింది. పెద్ద మార్పులు చాలావరకు ముందు పైలట్ ప్రాజెక్టులుగానో, బీటా వెర్షన్లుగానో వస్తాయి. వాటిలో చేయి వేయడానికి ముందు పేరివ్వండి.

● కొత్త రూలు వచ్చిన తొలి వారం వాదించడానికి బదులు షెర్జర్‌లా పరీక్షించండి. అయితే నష్టం లేని చోట.

● మీ దగ్గర ఇప్పటికే ఉన్న మంచి ‘కర్వ్‌బాల్’ ఏదో మీకు కనిపించకపోవచ్చు. మీ పని చూసేవాళ్లను అడగండి. డేటా ఉంటే ఇంకా మంచిది.

● ఒక్క రూలు మీదే నిలబడ్డ ఉద్యోగం హాయిగా ఉంటుంది. అదే దాని ప్రమాదం. ఎడమచేతి స్పెషలిస్టులను గుర్తు పెట్టుకోండి.

ఇంకో మాట. అక్కడికి వెళ్లాక ఈ చర్చల్లో చేరాలంటే అన్నీ తెలిసి ఉండక్కర్లేదు. ‘గడియారం వచ్చాక మీకు నచ్చిన సీనియర్లలో ఎవరు నిలబడ్డారు?’ అని అడిగి చూడండి. తర్వాత మీరు మాట్లాడాల్సిన అవసరమే రాదు. ఇక్కడి నుంచే చూడాలనుకునేవాళ్లకు ఒక లెక్క: న్యూయార్క్‌లో రాత్రి ఏడింటి మ్యాచ్ వేసవిలో మనకు తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలవుతుంది. గేట్‌కు ప్రిపేరయ్యేవాళ్లు లేచే టైమే.

ఒక ఆదివారం ఉదయం

2025 నవంబరు 2న, మన టైమ్ ప్రకారం తెల్లవారుజామున, టొరంటోలో వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ మొదలైంది. ఆ రాత్రి మన అమ్మాయిలు వన్డే ప్రపంచ కప్ గెలవడంతో ఇక్కడ దాని గురించి ఎవరికీ పట్టలేదు. టొరంటో తరఫున మొదటి బంతి వేసింది షెర్జర్. అప్పటికి 41 ఏళ్లు. గడియారం తిరుగుతూనే ఉంది. నాలుగు ఇన్నింగ్స్ దాటేదాకా నిలబడి ఒక్క పరుగే ఇచ్చాడు. అవతల లాస్ ఏంజెలెస్ ఓటమికి రెండు ఔట్ల దూరంలో ఉన్నప్పుడు, భారీ షాట్లకు ఏమాత్రం పేరులేని 36 ఏళ్ల మిగెల్ రోహాస్ హోమ్‌రన్ కొట్టి స్కోరు సమం చేశాడు. చివరికి 11 ఇన్నింగ్స్‌లో లాస్ ఏంజెలెస్ 5-4తో గెలిచింది.

షెర్జర్ జట్టు ఓడింది. రెండున్నరేళ్ల కిందట గడియారం వచ్చినప్పుడు, 2025 ఆఖరి మ్యాచ్‌లో బంతి ఇతని చేతికిస్తారని ఎవరైనా అంటే నవ్వేవారు. ఆ గడియారం ఏ ఒక్కరి కోసమూ ఆగలేదు. దాని కింద పని చేయడం నేర్చుకున్నవాళ్లు ఆ రోజు మైదానంలో ఉన్నారు.